కూచిపూడి నేర్చుకుంటున్న 9 ఏళ్ళ పాపకి ఏ బ్యాలే షూస్ కొనాలి?

పాలకొల్లు నుంచి అడిగారు కదండీ. పాపకి 9 ఏళ్ళు. మూడేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. ఈ వేసవి నుంచి హైదరాబాద్ టీచర్ దగ్గర ఆన్‌లైన్‌లో బ్యాలే కూడా మొదలుపెట్టింది. ఆవిడ "బ్యాలే షూస్ తెప్పించండి" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నారు. మీరు ఫోన్లో వెతికితే 600 రూపాయల నుంచి 8,000 దాకా నాలుగు రకాలు కనబడ్డాయి, ఆ నాలుగు లింకులూ ఇక్కడ పెట్టారు. పాపకేమో రిబ్బన్లు ఉన్నవే కావాలి. మీ వారేమో ఎదిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దవి తీసుకుందాం అంటున్నారు. పైగా మన ముసురుకి ఏవి ఆగుతాయో అని మీ టెన్షన్.

నేను రాజోలు వైపు మనిషినే. దుబాయ్‌లో డాన్సు సామాన్లు అమ్మే ఒక షాపులో 9 ఏళ్ళు పనిచేసి వచ్చాను. పొట్టి స్టూలు మీద కూర్చుని, పిల్లల పాదాలు ఒళ్ళో పెట్టుకుని, షూస్ తొడిగి చూడటమే నా పని. చీరల కొట్టులో చీరలు విప్పి పరిచినట్టు రోజంతా జతలు విప్పి పరుస్తూనే ఉండేదాన్ని. ఇప్పుడు నరసాపురంలో ఉంటున్నాను. మీ ప్రశ్న చూడగానే చేతులు ఊరుకోలేదు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ నాలుగు లింకుల్లో రెండోది తీసుకోండి. గులాబీ రంగు గుడ్డది, అడుగున మొత్తం సోల్ ఉన్నది, ఎలాస్టిక్‌తో వచ్చేది. పాదానికి అచ్చంగా సరిపోయే సైజు తీసుకోండి, పెద్దది వద్దు. మిగతా మూడూ ఎందుకు వద్దో ఇప్పుడు చెబుతాను.

మొదటి లింకులో ఉన్నది అసలు డాన్సు షూ కాదండి. మన బజార్లో బెల్లీస్ అంటారే, కాలేజీ పిల్లలు వేసుకునేవి, అవే. చూడ్డానికి అచ్చం బ్యాలే షూలాగే ఉంటాయి, ఉండటానికి కారణం కూడా ఉంది. పారిస్‌లో రోజ్ రెపెట్టో అనే ఆవిడ 1947లో తన కొడుకు కోసం డాన్సు షూస్ కుట్టడం మొదలుపెట్టింది. కొడుకు రోలాండ్ పెటీ పెద్ద బ్యాలే కళాకారుడు. 1956లో నటి బ్రిజిట్ బార్డో, చిన్నప్పుడు బ్యాలే నేర్చుకున్న మనిషి, వీధిలోకి వేసుకోవడానికి అలాంటివే చేసిపెట్టమని ఆవిణ్ణి అడిగింది. అక్కణ్ణుంచి ఆ ఫ్యాషన్ లోకమంతా పాకి మన పాలకొల్లు బజారు దాకా వచ్చింది. ఈ బెల్లీస్‌కి కింద గట్టి రబ్బరు సోల్ ఉంటుంది, మడమ దగ్గర చిన్న ఎత్తు ఉంటుంది. వాటితో పాదం వంచడం కుదరదు. అమెజాన్‌లో "బ్యాలే షూస్" అని కొడితే ముందు ఇవే వస్తాయి. చాలామంది మోసపోయేది ఇక్కడే.

డాన్సు క్లాసుకి వేసుకునే మెత్తటి షూ అంటే పాదానికి తొడిగిన చేతి గ్లౌజు లాంటిది. లోపల అట్ట ఉండదు, ఎత్తు ఉండదు, కుడి ఎడమ తేడా కూడా చాలావాటికి ఉండదు. ఏ కాలికి వేసుకుంటే ఆ కాలికి అలవాటు పడుతుంది. అంచు చుట్టూ పావడా బొందులాగా సన్నని తాడు ఒకటి లోపల నడుస్తుంది. ఇందులో చూడాల్సినవి రెండే. పైన గుడ్డా, తోలా, శాటినా? కింద సోల్ మొత్తంగా ఉందా, రెండు ముక్కలుగా ఉందా?

మీ మూడో లింకు రెండు ముక్కల సోల్. స్ప్లిట్ సోల్ అంటారు. మునివేళ్ళ కింద ఒక తోలు బిళ్ళ, మడమ కింద ఒకటి, మధ్యలో ఏమీ ఉండదు. పాదం వంచితే ఆ వంపు బాగా కనబడుతుంది. అందుకే పెద్దవాళ్ళు ఇష్టపడతారు. మొత్తం సోల్ ఉన్నదైతే పాదం వంచిన ప్రతిసారీ ఆ తోలు అడ్డుపడుతుంది, పాప దాన్ని తోసుకుంటూ వంచాలి. ఆ తోపుడులోనే అరికాలి కండ గట్టిపడుతుంది. మొదటి రెండు మూడేళ్ళు చాలామంది టీచర్లు మొత్తం సోలే వేసుకోమనడానికి కారణం ఇదే. స్ప్లిట్ సోల్ వేసుకుంటే ప్రమాదమేమీ లేదు. కాకపోతే ఆ వ్యాయామం తగ్గుతుంది, అద్దంలో మాత్రం అందంగా కనబడుతుంది.

తోలా, గుడ్డా అంటే, మన డెల్టాలో నా ఓటు గుడ్డకే. తోలు ఎక్కువకాలం వస్తుంది, పాదం రూపు పట్టేస్తుంది, మాట నిజమే. కానీ ఆషాఢం వచ్చేసరికి మన ఇళ్ళలో చెప్పుల స్టాండుకే బూజు పడుతుంది. చెమట పట్టిన తోలు షూని బ్యాగులో రెండు రోజులు మర్చిపోతే మూడోనాటికి తెల్లటి పొర కడుతుంది. గుడ్డదైతే చల్లటి నీళ్ళలో కొంచెం సబ్బు వేసి చేత్తో రుద్ది, నీడలో ఫ్యాను కింద ఆరేస్తే సరి. బ్లీచింగ్ మాత్రం వాడకండి. ఎండలో కూడా పెట్టకండి, సోల్ దగ్గర జిగురు విడిపోతుంది. శాటిన్‌వి స్టేజీ కోసం. ఇంట్లో టైల్స్ మీద జారుడు.

సైజు దగ్గరకి వద్దాం. ఇక్కడ మీ వారితో పోట్లాడాల్సిందే. స్కూలు బూట్లు ఒక సైజు పెద్దవి కొని ముందు దూది కుక్కడం మనందరికీ అలవాటే. ఇక్కడ అది పనికిరాదు. ముందు మిగిలిన గుడ్డ ముడుచుకుని వేళ్ళ కింద పడుతుంది, తిరిగేటప్పుడు పాప దానిమీదే జారుతుంది. మెత్తటి షూలో వేళ్ళు ముడుచుకోకుండా తిన్నగా పడుకోవాలి, అంతకు మించి ఖాళీ ఉండకూడదు. మహా అయితే గోరంత.

కొలత ఇలా తీయండి. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పాపని కాగితం మీద నిలబెట్టండి. కూర్చోబెట్టి గీస్తే తక్కువ వస్తుంది. పెన్సిల్ నిట్టనిలువుగా పట్టుకుని చుట్టూ గీసి, మడమ నుంచి పొడవైన వేలి దాకా సెంటీమీటర్లలో రాసుకోండి. రెండు పాదాలకీ తీయండి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. స్కూలు బూట్ల నంబరు ఇక్కడ పనిచేయదు, ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. లింకు కింద సైజు పట్టిక ఉంటుంది, సెంటీమీటర్లతో సరిచూసుకోండి.

ఇంకో సంగతి షాపులో ఎన్నోసార్లు చూశాను. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకున్న మన పిల్లల పాదం ముందువైపు వెడల్పుగా ఉంటుంది. చిన్నప్పటినుంచి వట్టికాళ్ళతో నేల తట్టిన పాదం అది, వేళ్ళు విచ్చుకుని ఉంటాయి. చాలా కంపెనీల కొలతలు సన్నటి పాదాలకి తయారైనవి. మన పాప అది వేసుకుంటే పొడవు సరిపోతుంది కానీ చిటికెన వేలు పక్కవేలు మీదకి ఎక్కుతుంది. అప్పుడు తల్లులు పొడవు పెంచేస్తారు. తప్పు. వెడల్పు రకం వేరే ఉంటుంది, అదే వెతకండి. కొలత కాగితం మీద వేళ్ళ మొదళ్ళ దగ్గర అడ్డంగా ఒక గీత గీసి అది కూడా రాసుకోండి.

షూస్ వచ్చాక మునివేళ్ళ మీద లేచి నిలబడమనండి. మడమ దగ్గర గుడ్డ సంచిలా వేలాడితే పెద్దవి. చదునుగా నిలబడినప్పుడు వేళ్ళు కొక్కెంలా వంగితే చిన్నవి. తాడుని మరీ లాగి బిగించకండి, వెనక మడమ నరం మీద ఒరుసుకుంటుంది. రెండు ముళ్ళు వేసి చివర్లు లోపలికి తోసేయండి. బయట పువ్వులా కడితే టీచర్ మొదటి రోజే విప్పిస్తారు.

ఎలాస్టిక్ చాలావాటికి ఒకవైపే కుట్టి వస్తుంది, రెండోది మనం కుట్టుకోవాలి. మడమ భాగాన్ని లోపలికి, సోల్ మీదకి మడవండి. మడత పడ్డచోట రెండు పక్కలా మూలలు వస్తాయి. ఎలాస్టిక్ చివర్లు అక్కడ పడాలి. అంచులో నడిచే తాడుని సూదితో పొడవకండి, పొడిస్తే తాడు ఇక కదలదు. షాపులో రోజుకి రెండు జతలైనా ఇలా పాడయినవి తెచ్చి "డిఫెక్ట్" అనేవారు.

ఇప్పుడు పాప మనసు పడ్డ నాలుగో లింకు, రిబ్బన్లవి. వాటిని పాయింట్ షూస్ అంటారు. కాలి వేళ్ళ చివర మీద నిలబడటానికి చేసినవి. ఇవి అసలు షూస్ కాదు, పనిముట్లు అంటాను నేను.

ఒక జతని కోసి చూస్తే తెలుస్తుంది. నేను పాడైన జతల్ని చాలా కోశాను. పైన మెరిసే శాటిన్. దాని కింద, వేళ్ళ చుట్టూ, గోనెలాంటి గుడ్డ, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అంటించి ఉంటాయి. ఆత్రేయపురంలో మామిడి తాండ్ర పోస్తారు చూడండి, చాప మీద ఒక పూత, అది ఆరాక ఇంకో పూత. ఆ పొరలే గుర్తొస్తాయి నాకు. తేడా ఏంటంటే దీన్ని షూ తిరగేసి ఉండగా అచ్చు మీద వేళ్ళతో మలిచి, తిప్పి, సుత్తితో కొట్టి, పొయ్యిలో పెట్టి గట్టిపరుస్తారు. ఆ గట్టి డొప్పని బాక్స్ అంటారు. దాని చివర చదునుగా, అరచేతిలో రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దగా ఉండే చోటే డాన్సరు నిలబడే నేల. అరికాలి కింద అట్టతోనో తోలుతోనో చేసిన గట్టి బద్ద ఉంటుంది. అది షాంక్. బరువుని వేళ్ళొక్కటే మోయకుండా బాక్స్, షాంక్ కలిసి పాదమంతా పట్టి ఉంచుతాయి.

లండన్‌లో ఫ్రీడ్ అనే కంపెనీ 1929 నుంచి ఇవి చేతితోనే చేస్తోంది. అక్కడ ప్రతి పనివాడికీ ఒక గుర్తు ఉంటుంది, లంగరు, కిరీటం, చేప, ఇలాగ. సోల్ మీద ఆ గుర్తు ముద్రిస్తారు. పెద్ద డాన్సర్లకి ఒక్క కంపెనీ పేరు సరిపోదు, ఫలానా గుర్తు మనిషి చేసినవే కావాలంటారు. మనం ఫలానా టైలరు కుట్టిన జాకెట్టే ఒంటికి పడుతుంది అనుకుంటామే, అలాగ. ఇంత చేసినా పెద్ద ప్రదర్శనలో ఒక ముఖ్యపాత్రధారి ఒక్క రాత్రిలో ఒక జత మెత్తబెట్టేస్తుంది. 1993లో గేనర్ మిండెన్ అని ఇంకో కంపెనీ సాగే ప్లాస్టిక్‌లాంటి పదార్థంతో బాక్స్, షాంక్ చేయడం మొదలుపెట్టింది. అవి ఎక్కువకాలం వస్తాయి. వాటి మీద టీచర్లలో రెండు పక్షాలున్నాయి, ఆ గొడవలోకి ఇప్పుడు మనం వెళ్ళక్కర్లేదు.

జిగురు పొరలన్నాను కదా. మన చెమ్మ సంగతి ఇక్కడే. నేను వస్తూ వస్తూ మా అక్క కూతురు చూసి మురిసిపోతుందని ఒక కొత్త జత తెచ్చాను. అక్క దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసి బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది. వానాకాలం గడిచాక తీస్తే బాక్స్ నొక్కితే లోపలికి పోతోంది, చెమ్మకి మెత్తబడ్డ పూతరేకులా. శాటిన్ మీద బూడిదరంగు మచ్చలు. పనికిరాకుండా పోయింది. ఏ డాన్సు షూ అయినా ప్లాస్టిక్ కవరులో పెట్టకండి. కూరగాయలకి వాడే వల సంచి చాలు, గాలి ఆడేచోట తగిలించండి.

పాపకి ఇప్పుడు పాయింట్ షూస్ ఎందుకు వద్దో చెబుతాను. మీ అమ్మాయి కూచిపూడి కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి నాట్యం చేస్తారు కదా. చేరిన ఏడాదికే ఏ గురువుగారైనా పళ్ళెం ఎక్కిస్తారా? అడుగులు కుదిరి, అరమండి నిలబడి, కాళ్ళలో సత్తువ వచ్చాక ఆయన చూసి ఎక్కిస్తారు. పళ్ళెం ముందే కొనుక్కుని ఇంట్లో ఎక్కే పిల్లని చూస్తే ఆయన ఏమంటారో మీకు తెలుసు. ఇదీ అంతే. వారానికి రెండుమూడు క్లాసులు చొప్పున కొన్నేళ్ళు చేసి, ఒంటికాలి మీద మునివేళ్ళపై ఒణక్కుండా లేచి దిగగలిగాక, సాధారణంగా 11, 12 ఏళ్ళు దాటాక, టీచర్ పాదాన్ని చేతిలోకి తీసుకుని చూసి చెబుతారు. పిల్లల పాదం ఎముకలు టీనేజీ మధ్యదాకా గట్టిపడుతూనే ఉంటాయి. ఆన్‌లైన్ క్లాసులో చీలమండ ఏ పక్కకి ఒరుగుతోందో కెమెరాలో సరిగా కనబడదు కూడా. కాబట్టి ఆ రోజు వచ్చినప్పుడు టీచర్ ఎదురుగా ఉండాలి, షూ కూడా మనిషి తొడిగి చూసిందే కావాలి. లింకు నొక్కి తెప్పించుకునే వస్తువు కాదది.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. షాపులో చేరిన రెండో ఏడు. ఒక తండ్రి 10 ఏళ్ళ కూతుర్ని తీసుకొచ్చారు. ఆ రోజు పాప పుట్టినరోజు. పాదం ఒళ్ళో పెట్టుకుని అరికాలి కింద బొటనవేలితో నొక్కితే మెత్తగా పిండిలా ఉంది, బలం లేదు. ఇప్పుడు వద్దన్నాను. ఆయన ఓనర్ వైపు చూశారు, ఓనర్ నా వైపు చూశాడు. అమ్మేశాను. నెల తిరక్కుండా తల్లి వచ్చింది, బొటనవేలి గోరు నల్లబడిన ఫోటో ఫోన్లో పట్టుకుని. ఇంట్లో గచ్చు మీద, గోడ పట్టుకుని, టీచర్‌కి చెప్పకుండా నిలబడిందట. అప్పట్నుంచి టీచర్ రాసిన చీటీ లేకుండా ఆ అర వైపు చెయ్యి పెట్టలేదు నేను. ఉద్యోగం పోయినా సరే అనుకున్నాను, పోలేదు.

మధ్యలో డెమీ పాయింట్ అని ఒక రకం ఉంది, మీకు రేపో మాపో కనబడుతుంది. చూడ్డానికి పాయింట్ షూలాగే ఉంటుంది, బాక్స్ ఉంటుంది, లోపల షాంక్ ఉండదు. పాయింట్‌కి వెళ్ళబోయే పిల్లలకి ఆ గట్టిదనం అలవాటు చేయడానికి. దాంతో వేళ్ళ చివర మీద లేవకూడదు, ఊతం లేదు కాబట్టి అసలు షూ కంటే ప్రమాదం. తక్కువ ధరకి వస్తోందని, చూడ్డానికి ఒకేలా ఉందని కొనేవాళ్ళున్నారు. వద్దు.

పాపకి ఊరట కావాలంటే ఈ కథ చెప్పండి. 1832లో పారిస్‌లో మేరీ తాలియోని అనే ఆవిడ లా సిల్ఫీడ్ అనే బ్యాలేలో వేళ్ళ చివర మీద గాల్లో తేలినట్టు ఆడి అందర్నీ విస్తుపోయేలా చేసింది. అప్పటికి బాక్స్ లేదు, షాంక్ లేదు. మెత్తటి శాటిన్ చెప్పు, చివర చుట్టూ దారంతో దట్టంగా రఫ్ఫు చేసినట్టు కుట్టుకున్న కుట్లు, అంతే. మిగతా బలమంతా పాదానిదే. గట్టి షూస్ తర్వాత ఇటలీ పనివాళ్ళు తెచ్చారు. అలాంటి షూస్‌తోనే 1895లో ఇటలీ డాన్సరు పియరీనా లెన్యాని రష్యాలో స్వాన్ లేక్ అనే బ్యాలేలో ఒంటికాలి మీద వరసగా 32 చుట్లు తిరిగింది.

ఆ కుట్లు ఇప్పటికీ వేస్తారు. శాటిన్ చివర తొందరగా చిరుగుతుంది, జారుతుంది కూడా. అందుకని డాన్సర్లు బాక్స్ చివర చుట్టూ లావు దారంతో అల్లుకుంటారు. నేను నరసాపురం వచ్చాక, సెలవులకి వచ్చిన ఒక ఎన్నారై అమ్మాయి తన జత తెచ్చి సూది దిగట్లేదని ఏడుస్తుంటే, మా పక్కింటి పిన్నిగారికి ఇచ్చాను. ఆవిడ ముప్పై ఏళ్ళుగా లేసు అల్లుతున్న మనిషి. ముందు షూని అటూఇటూ తిప్పి, వాసన చూసి, "ఇదేంటే, దీంట్లో అట్టముక్క పెట్టి కుట్టారు" అంది. తర్వాత క్రోషా సూది తీసి అరగంటలో చివరంతా గుండ్రంగా, వల అల్లినట్టు అల్లేసింది. ఆ అమ్మాయి అక్కడ టీచర్‌కి చూపిస్తే ఎవరు చేశారని అడిగారట. పిన్నిగారు మాత్రం డబ్బులు ఎంత అడగాలో తెలియక తీసుకోలేదు.

రంగు గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను. ఈ గులాబీ రంగు తెల్లవాళ్ళ కాలి రంగుకి దగ్గరగా, కాలి గీత ఎక్కడా తెగకుండా కనబడాలని వచ్చింది. నల్లజాతి డాన్సర్లు ఏళ్ళ తరబడి ముఖానికి రాసుకునే ఫౌండేషన్ షూకి పూసుకుని తమ ఒంటి రంగు తెచ్చుకునేవారు. 2018లో ఫ్రీడ్ కంపెనీ, లండన్‌లోని బ్యాలే బ్లాక్ బృందం కలిసి గోధుమరంగు ఛాయల్లో పాయింట్ షూస్ తెచ్చాయి. మెత్తటి షూస్‌లో కూడా ఇప్పుడు మన రంగులు దొరుకుతున్నాయి. టీచర్ గులాబీయే కావాలన్నారో ఏదైనా సరేనన్నారో ఒక్క మాట అడిగి తీసుకోండి.

మీ బాబు కూడా చేరతానంటున్నాడని చివర్లో రాశారు. చేరనివ్వండి. మగపిల్లలకి నల్లవో తెల్లవో అదే గుడ్డ షూ, అదే మొత్తం సోల్. పాయింట్ మీద ఆడేది మామూలుగా ఆడవాళ్ళే. అయితే 1974లో న్యూయార్క్‌లో మొదలైన ట్రొకెడరో బృందంలో మగవాళ్ళే స్త్రీపాత్రలు వేసి పాయింట్ షూస్‌తో ఆడతారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని చూసిన జిల్లాలు మనవి, మనకేం వింత కాదు.

ఇక నేల. మీ ఇంట్లో టైల్స్ అన్నారు. సాధన మొదట్లో కుర్చీ వీపు పట్టుకుని చేసేవి టైల్స్ మీద పర్లేదు, గెంతులు మాత్రం వద్దు. గట్టి నేల మోకాళ్ళకి మంచిది కాదు, తడి ఉంటే జారుతుంది కూడా. కొందరు వయొలిన్ కమానుకి రాసే రోజిన్ పొడి సోల్‌కి రాస్తారు, ఇంట్లో టైల్స్‌కి అది అంటుకుని జిడ్డుపడుతుంది. కొబ్బరినూనె రాసిన పాదాలతో షూ వేయకండి, సోల్ లోపలినుంచి నూనె పీల్చేస్తుంది. ఆ షూస్‌తో గుమ్మం దాటనివ్వకండి. కూచిపూడి క్లాసుకి ఎలాగూ వట్టికాళ్ళే కాబట్టి రెండూ కలిసిపోయే బాధ లేదు.

లింకులో రెండోదానికి వెడల్పు రకం ఉందో లేదో నాకు ఫోటోలో కనబడలేదు. పాప రెండు పాదాల పొడవు, వెడల్పు ఇక్కడే కింద రాయండి, ఏ నంబరు తెప్పించాలో చెబుతాను. వచ్చాక ఎలాస్టిక్ కుట్టడం తేలకపోతే ఆదివారం నరసాపురం రండి, పిన్నిగారూ ఉంటారు.